నెల తప్పిందా, డేట్ జరిగిందా: కంగారు పడే ముందు వేసుకోవాల్సిన లెక్క, చేసుకోవాల్సిన టెస్ట్

మన భాషలో "నెల తప్పింది" అంటే కడుపుతో ఉందనే అర్థం. డేట్ రాలేదనడానికీ గర్భం వచ్చిందనడానికీ పెద్దవాళ్ళు ఒకే మాట వాడేశారు. వాళ్ళ రోజుల్లో దాంతో పని జరిగిపోయి ఉంటుంది. ఇప్పుడు మాత్రం ఆ రెండూ ఒకటే అనుకుని రాత్రిళ్ళు నిద్ర మానేసేవాళ్ళను నేను వారానికి ఒకరినైనా చూస్తున్నాను.

పన్నెండేళ్ళుగా మెడికల్ షాపు కౌంటర్ వెనక ఉన్నాను. ప్రెగ్నెన్సీ కిట్ కోసం వచ్చినవాళ్ళు మెట్లెక్కుతుండగానే తెలిసిపోతారు. షాపులో ఇంకెవరైనా ఉంటే ముందు దగ్గు బిళ్ళలు అడుగుతారు, ఫోన్ చూసుకుంటూ పక్కకి జరుగుతారు. అందరూ వెళ్ళాక గొంతు తగ్గించి "అక్కా, ఆ కిట్ ఒకటి" అంటారు. కొందరికి ఆ మాట కూడా రాదు, ఫోన్లో బొమ్మ చూపిస్తారు. కాగితంలో చుట్టి ఇస్తూ నేను అడిగేది ఒకటే: "లాస్ట్ డేట్ ఎప్పుడమ్మా?" సగం భయం ఆ జవాబులోనే తేలిపోవాలి. కానీ చాలామంది దగ్గర జవాబుండదు. "పోయిన నెల... పదో, పన్నెండో..." అని ఆగిపోతారు.

నేను డాక్టర్ని కాను, ఫార్మసిస్ట్‌ని. కౌంటర్ దగ్గర రెండు నిమిషాల్లో చెప్పలేని విషయాలు వరసగా ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఇది చదవండి: ఆగకూడని పరిస్థితులు

మిగతాదంతా తీరిగ్గా చదువుకోవచ్చు. కింద చెప్పినవాటిలో ఏ ఒక్కటి ఉన్నా మాత్రం టెస్టులూ లెక్కలూ పక్కన పెట్టి ఆస్పత్రికి వెళ్ళండి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి.

పొత్తికడుపులో, ముఖ్యంగా ఒక పక్కన, తట్టుకోలేని నొప్పి. కళ్ళు తిరిగి పడిపోవడం, చెమటలు పట్టడం. భుజం చివర ఎప్పుడూ లేని నొప్పి. గంటకో ప్యాడ్ తడిసిపోతూ రెండు గంటలు దాటినా తగ్గని బ్లీడింగ్. బ్లీడింగ్‌తో పాటు చలి జ్వరం, దుర్వాసన.

భుజానికీ కడుపుకీ సంబంధం ఏమిటని అడుగుతారు. గర్భం ఒక్కోసారి గర్భసంచిలో కాకుండా ట్యూబులో నిలుస్తుంది. వంద గర్భాల్లో ఒకటో రెండో ఇలా అవుతాయి. ట్యూబు పగిలితే రక్తం కడుపులోకి కారుతుంది. అది పైన, ఛాతీకీ కడుపుకీ మధ్య ఉన్న డయాఫ్రమ్ అనే కండరాన్ని తాకితే, అక్కడి నరాల దారిలో నొప్పి భుజం దగ్గర తెలుస్తుంది. ట్యూబులో గర్భం మొదట్లో కనిపించేది చాలాసార్లు కొద్దిపాటి మరకగానే. అందుకే "కొంచెమే కదా అయింది" అనే ధైర్యం ప్రతిసారీ పనికిరాదు. కిట్‌లో రెండు గీతలు (అంటే గర్భం ఉందని) వచ్చి, ఒక పక్కన నొప్పి, మరకలు ఉంటే ఆ రోజే స్కానింగ్.

మొదటి అడుగు: తారీఖులు కాగితం మీద పెట్టండి

మా అమ్మ వంటింట్లో గోడకున్న తెలుగు క్యాలెండర్‌లో పాలు రాని రోజుకి అడ్డగీత, గ్యాస్ బుక్ చేసిన రోజుకి 'గ్యా', ఇంకో తారీఖు కింద పెన్నుతో చిన్న చుక్క పెట్టేది. ఆ చుక్క ఏమిటో నాకు పెద్దమనిషినయ్యాక గానీ తెలియలేదు. ఫోన్లో యాప్ వాడినా, క్యాలెండర్ మీద చుక్క పెట్టినా ఫరవాలేదు గానీ, ఆ గుర్తు మాత్రం ఉండాలి.

లెక్క బ్లీడింగ్ మొదలైన రోజు నుంచి వేయాలి. ఆగిన రోజు నుంచో, తలస్నానం చేసిన రోజు నుంచో కాదు. ఇక్కడే ఎక్కువమంది తప్పు వేస్తారు, నాలుగైదు రోజులు తేడా వచ్చేస్తుంది. ఒక డేట్ మొదటి రోజు నుంచి తర్వాతి డేట్ మొదటి రోజు ముందు వరకు ఎన్ని రోజులో, అదీ మీ సైకిల్. పెద్దవాళ్ళలో 21 నుంచి 35 రోజుల మధ్య ఎంతున్నా మామూలే. 28 అనేది సగటు మాట, అందరికీ రూల్ కాదు. ఒక నెల 27, మరో నెల 31 వచ్చినా గాబరా పడక్కర్లేదు. పెద్దమనిషైన కొత్తలో రెండు మూడేళ్ళ వరకు ఆడపిల్లలకి 45 రోజుల దాకా సాగడం మామూలుగా చూస్తుంటాం.

ఇప్పుడు అసలు విషయం. సైకిల్‌లో రెండు భాగాలుంటాయి. మొదటి భాగంలో అండం తయారై విడుదలవుతుంది. రెండో భాగం అండం విడుదల నుంచి డేట్ వచ్చేదాకా. ఈ రెండో భాగం దాదాపు ఒకేలా, రెండు వారాలకు అటూ ఇటూగా ఉంటుంది. సాగేదీ కుంచించుకుపోయేదీ మొదటి భాగం. అంటే మామూలుగా ఆలస్యమయ్యేది ముందు అండం విడుదల, దాని వెనకే డేట్ జరుగుతుంది.

ఒక లెక్క చూద్దాం. జనవరి 3న డేట్ వచ్చింది, సైకిల్ 30 రోజులనుకుందాం. తర్వాతది ఫిబ్రవరి 2న రావాలి. దానికి రెండు వారాల ముందు, అంటే జనవరి 19 ప్రాంతంలో అండం విడుదలవుతుంది. కానీ జనవరి 10న వైరల్ జ్వరమొచ్చి పది రోజులు మంచం పట్టారు, తిండి లేదు, ఒళ్ళు తగ్గింది. అండం 29కి జరిగింది. అప్పుడు డేట్ ఫిబ్రవరి 12కి వస్తుంది. ఫిబ్రవరి 5న కూర్చుని "మూడు రోజులు దాటింది" అని ఏడుస్తున్న అమ్మాయికి నిజానికి ఇంకా టైమే కాలేదు.

జ్వరం చేసే పనే పరీక్షల టెన్షన్ చేస్తుంది, నైట్ షిఫ్టులు చేస్తాయి, తిండి మానేసి నెలలో ఆరు కిలోలు తగ్గడం చేస్తుంది. హాస్టల్లో చేరిన మొదటి నెలల్లో డేట్ తప్పిన అమ్మాయిల్ని లెక్కలేనంతమందిని చూశాను.

రెండో అడుగు: గర్భానికి దారి ఉందా?

ఈ ప్రశ్న మొహమాటం లేకుండా ఎవరికి వాళ్ళు వేసుకోవాలి. వీర్యం యోనిలోకి, కనీసం యోని ముఖద్వారం దాకా చేరితేనే గర్భం. ముద్దు వల్ల రాదు, బట్టల మీద నుంచి దగ్గరవడం వల్ల రాదు, బాత్రూమ్ సీటు వల్ల, ఒకే టవల్ వాడటం వల్ల రాదు. ఇవన్నీ నన్ను నిజంగా అడిగిన ప్రశ్నలే. అడిగినవాళ్ళు డిగ్రీ చదువుతున్నవాళ్ళు. తప్పు వాళ్ళది కాదు, ఆ పాఠం రాగానే పేజీ తిప్పేసిన టీచర్లది.

కలయిక జరిగి ఉంటే ఏ తారీఖున అన్నది రాసుకోండి. వీర్యకణాలు లోపల ఐదు రోజుల దాకా బతుకుతాయి, అండం ఒక్క రోజే. అందువల్ల అండం విడుదలకు ముందు ఐదు రోజులు, ఆ రోజు కలిపి ఆరు రోజులే గర్భం నిలిచే కిటికీ. అయితే ఆ కిటికీ ఎప్పుడు తెరుచుకుందో కచ్చితంగా ఎవరికీ తెలియదు, పైన చెప్పినట్టు అది జరుగుతుంటుంది. కాబట్టి "సేఫ్ డేస్‌లోనే కదా" అన్న ధీమా పెట్టుకోవద్దు. "చివర్లో బయటికి తీసేశాం" అన్నదీ అంతే, నమ్మదగ్గ పద్ధతి కాదు.

కండోమ్ చిరిగి ఇంకా మూడు రోజులు కాలేదా? అయితే ఈ వ్యాసం తర్వాత చదవచ్చు. ఐ-పిల్, అన్‌వాంటెడ్-72 లాంటి అత్యవసర మాత్ర 72 గంటల్లోపు వేసుకోవాలి. ఎంత తొందరగా వేసుకుంటే అంత పని చేస్తుంది. ఐదు రోజుల్లోపైతే డాక్టర్ కాపర్-టీ వేసి కూడా ఆపగలరు, అది మాత్ర కన్నా గట్టి పద్ధతి.

మూడో అడుగు: ఆ మరక ఏం చెబుతోంది?

డేట్ రావాల్సిన రోజుల్లో రెండు చుక్కలు కనబడి ఆగిపోతే ఇక మనసు మనసులో ఉండదు. ఇంటర్నెట్లో వెతికితే మొదటగా కనిపించే మాట ఇంప్లాంటేషన్ బ్లీడింగ్. పిండం గర్భసంచి గోడకి అంటుకునేటప్పుడు వచ్చే మరక అన్నమాట. అండం విడుదలైన 6 నుంచి 12 రోజుల మధ్య పిండం అంటుకుంటుంది, అంటే డేట్‌కి కొద్ది రోజుల ముందు. అప్పుడు మరక కనిపిస్తే లేత గులాబీ రంగులోనో కాఫీ పొడి రంగులోనో ఉంటుంది, కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజులుంటుంది, గడ్డలు పడవు. ఇది అందరికీ రాదు. గర్భం వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి ఇలాంటి మరకేమీ కనబడదు. రంగు చూసి కడుపు అవునో కాదో చెప్పగలిగేవాళ్ళు లేరు. ఫోటో తీసి పంపి "ఇదేనా అక్కా?" అని అడిగినా నేను చెప్పలేను, డాక్టరూ చెప్పలేరు.

మరకకి గర్భం కాని కారణాలు బోలెడు. అండం విడుదలయ్యే రోజుల్లో, అంటే డేట్‌కి రెండు వారాల ముందు, కొందరికి చుక్క కనబడుతుంది. గర్భనిరోధక మాత్రలు కొత్తగా మొదలుపెట్టిన రెండు మూడు నెలలు, లేదా మధ్యలో ఒకటి రెండు మర్చిపోయినప్పుడు మరక రావడం మామూలే. కాపర్-టీ వేయించుకున్న కొత్తలోనూ అంతే. ప్రభుత్వాస్పత్రుల్లో మూడు నెలలకోసారి వేసే 'అంతర' అనే గర్భనిరోధక ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళకి అడపాదడపా మరకలు పడటం, తర్వాత నెలలకు నెలలు డేట్ రాకపోవడం ఆ మందు గుణమే. వారానికి రెండుసార్లతో మొదలయ్యే 'ఛాయా' గర్భనిరోధక మాత్రలు కూడా డేట్‌ని వెనక్కి నెడతాయి. ఇవి వాడుతూ "డేట్ రాలేదు" అని వచ్చేవాళ్ళు, వాటిని ఇచ్చినవాళ్ళు ముందే చెప్పి ఉంటే ఆ దిగులు పడేవాళ్ళు కాదు.

ఐ-పిల్ గురించి విడిగా చెప్పాలి. అది వేసుకున్న వారంలో మరక కనబడితే చాలామంది "హమ్మయ్య, పని చేసింది" అనుకుంటారు. ఆ మరక హార్మోన్ మార్పు వల్ల వచ్చింది, గర్భం ఆగిందనడానికి సాక్ష్యం కాదు. తర్వాతి డేట్ వారం ముందుకో వెనక్కో జరగొచ్చు. మాత్ర వేసుకుని మూడు వారాలైనా సరైన డేట్ రాకపోతే టెస్ట్ చేసుకోవాల్సిందే. ఒకే నెలలో మూడేసి ఐ-పిల్స్ వేసుకుని "నా సైకిల్ ఏమైందో తెలియడం లేదు" అనే అమ్మాయిలకి నేను కొంచెం గట్టిగానే చెబుతాను. అది రోజువారీ పద్ధతి కాదు తల్లీ. మాలా-డీ లాంటి రోజు మాత్రో, కండోమో చూసుకో.

మనవైపు మరీ ఎక్కువగా చూసేది ఇంకొకటుంది. పెళ్ళి, గృహప్రవేశం, వరలక్ష్మీ వ్రతం, తిరుపతి ప్రయాణం. డేట్ అడ్డొస్తుందని నోరెథిస్టెరాన్ మాత్రలు వేసుకుని ఆపుతారు. మామూలుగా ఆ మాత్రలు మానేసిన రెండు మూడు రోజుల్లో డేట్ వస్తుంది. ఒక్కోసారి వారం పడుతుంది, మధ్యలో మానేసినా టైము తప్పినా మరకలు పడతాయి. అవి గర్భం రాకుండా ఆపుతాయన్న నమ్మకం లేదు. పండగ హడావిడిలో ఈ సంగతి మర్చిపోతారు. మానేసి వారం దాటినా డేట్ రాకపోతే కిట్ తీసుకోండి.

కలయిక తర్వాత ప్రతిసారీ మరక పడుతుంటే, నెల మధ్యలో పదేపదే వస్తుంటే, డేట్లు ఆగిపోయి ఏడాది దాటాక మళ్ళీ చుక్క కనబడితే, గర్భం సంగతి అటుంచి లేడీ డాక్టర్‌కి చూపించుకోవాలి. ఇన్ఫెక్షన్, గర్భసంచి ముఖద్వారం దగ్గర పుండు, చిన్న కండ పెరగడం, అరుదుగా క్యాన్సర్ కూడా కారణం కావచ్చు. వీటిలో చాలావాటిని తొందరగా చూస్తే తేలిగ్గానే నయం చేస్తారు.

నాలుగో అడుగు: టెస్ట్ ఏ రోజు?

కిట్ వెతికేది హెచ్‌సీజీ అనే హార్మోన్‌ని. పిండం గర్భసంచికి అంటుకున్నాకే అది రక్తంలోకి, అక్కణ్ణుంచి మూత్రంలోకి వస్తుంది. మొదట్లో రెండు మూడు రోజులకోసారి దాదాపు రెట్టింపవుతూ పోతుంది. ఇవాళ కనిపించనిది మూడు రోజుల తర్వాత స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే కలయిక అయిన వారానికే కిట్ కొనడం డబ్బు దండగ, పైగా అప్పుడొచ్చే ఒక్క గీత దొంగ ధైర్యం.

డేట్ రావాల్సిన రోజు కచ్చితంగా తెలిస్తే ఆ రోజు దాటాక చేసుకోండి. తెలియకపోతే, లేదా డేట్లు ఎప్పుడూ అటూ ఇటూగానే ఉంటే, చివరిసారి కలయిక జరిగిన రోజు నుంచి 21 రోజులు లెక్కపెట్టండి. పై ఉదాహరణలో జనవరి 19న కలిసి ఉంటే ఫిబ్రవరి 9. ఆ తర్వాత కూడా ఒక్క గీతే వస్తే అది నమ్మదగ్గ జవాబు.

ఆగలేనివాళ్ళకి రక్తపరీక్ష ఉంది, బీటా హెచ్‌సీజీ అంటారు. కిట్ కన్నా కొన్ని రోజులు ముందే చెబుతుంది. 5 కన్నా తక్కువుంటే గర్భం లేనట్టు, 25 దాటితే ఉన్నట్టు. మధ్యలో వస్తే 48 గంటల తర్వాత మళ్ళీ చేయించి, పెరిగిందో తగ్గిందో చూస్తారు.

ఐదో అడుగు: కిట్ వాడే పద్ధతి

ప్రెగా న్యూస్, ఐ-కెన్, ఇంకా చాలా పేర్లతో కిట్లు దొరుకుతాయి, మామూలువి 100 రూపాయల లోపే. ఆశా కార్యకర్త దగ్గర, సబ్ సెంటర్లలో నిశ్చయ్ అనే కిట్ ఉచితంగా ఇస్తారు. ఆశా కూడా అదే వీధిలో ఉంటుంది కాబట్టి అడగడానికి మొహమాటపడేవాళ్ళు పక్క ఊరి షాపుకి వెళుతుంటారు. అలా వెళ్ళినా తప్పేం లేదు. ఏ కిట్ అయినా పని ఒకటే, ఖరీదైనది కొంటే నిజం మారదు. ఎక్స్‌పైరీ డేట్ మాత్రం చూడండి.

పొద్దున్నే లేవగానే మొదటి మూత్రం వాడండి. రాత్రంతా నిలవ ఉండటం వల్ల హార్మోన్ చిక్కగా ఉంటుంది. "మూత్రం బాగా రావాలి కదా" అని రెండు లీటర్ల నీళ్ళు తాగి చేసేవాళ్ళున్నారు. నీళ్ళు ఎక్కువైతే పలచబడిపోయి, ఉన్న గీత కూడా కనబడకుండా పోతుంది.

శుభ్రంగా, పొడిగా ఉన్న కప్పులో మూత్రం పట్టండి, సబ్బు నురగ ఉన్న మగ్గులో వద్దు. కవర్ అప్పుడే చింపండి. లోపల తెల్లటి ప్లాస్టిక్ కార్డు, చిన్న డ్రాపర్, ఒక పొట్లం ఉంటాయి. పొట్లం తేమ పీల్చేది, దాన్ని పారేయండి. కార్డుని బల్ల మీద చదునుగా పెట్టి, ఎస్ అని రాసి ఉన్న గుంటలో డ్రాపర్‌తో మూడు చుక్కలు వేయండి. బుడగలు పడకుండా నిదానంగా వేయాలి, గీతలు పడే కిటికీ మీద పడకూడదు. కాసేపట్లో లేత గులాబీ రంగు తడి ఆ కిటికీలో ఒక పక్క నుంచి ఇంకో పక్కకి పాకుతుంది. అది చూసి గుండె జారిపోతుంది కొందరికి. అది రంగు సాగుతున్న దారి మాత్రమే, ఫలితం కాదు. కార్డుని అక్కడే వదిలి, ఐదు నిమిషాలు ఫోన్లో అలారం పెట్టుకుని, పళ్ళు తోముకోండి.

ఐదు నిమిషాలకి చూడండి. సి దగ్గర గీత తప్పకుండా ఉండాలి, అది లేకపోతే కిట్ పాడైనట్టు, ఇంకొకటి కావాలి. సి దగ్గర మాత్రమే ఉంటే గర్భం కనబడలేదు. సి, టి రెండు చోట్లా ఉంటే గర్భం ఉంది. టి గీత లేతగా ఉన్నా, టైము లోపల వచ్చి గులాబీ రంగు కనబడితే దాన్ని ఉన్నట్టే తీసుకుని, రెండు రోజులాగి మళ్ళీ చేయండి.

అరగంట తర్వాత చెత్తబుట్టలోంచి తీసి చూస్తే కనిపించే బూడిద రంగు నీడని లెక్కలోకి తీసుకోవద్దు. తడి ఆరిపోయినప్పుడు అలాంటి నీడ పడుతుంది. ఒకావిడ పొద్దున చేసిన కార్డుని సాయంత్రం పర్సులో పెట్టుకుని నా దగ్గరికి తెచ్చారు. పిల్లల కోసం ఆరేళ్ళుగా ఎదురు చూస్తున్నారు. "చూడు చెల్లీ, ఉంది కదా సన్నగా?" అన్నారు. ఉంది, నీడ. ఇంకో కిట్ ఇచ్చి రేపు పొద్దున చేయండక్కా అన్నాను. అంతకు మించి ఆ క్షణంలో ఏం చెప్పాలో నాకు తోచలేదు. కౌంటర్‌కి అటు వైపు ఒకరు రెండో గీత రావాలని, ఇంకొకరు రాకూడదని మొక్కుకుంటూ ఉంటారు, కిట్ ఇద్దరికీ ఒకటే.

జ్వరం మాత్రలు, యాంటీబయాటిక్స్, గర్భనిరోధక మాత్రలు కిట్ ఫలితాన్ని మార్చవు. పిల్లల కోసం చికిత్సలో హెచ్‌సీజీ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళకి మాత్రం పది, పద్నాలుగు రోజుల దాకా అదే హార్మోన్ కనబడి దొంగ గీత రావచ్చు. వాళ్ళు డాక్టర్ చెప్పిన రోజునే చేసుకోవాలి.

ఒక్క గీత వస్తే

వారం ఆగి మళ్ళీ చేయండి. రెండోసారీ ఒక్క గీతే అయి, చివరి కలయికకి మూడు వారాలు దాటి ఉంటే గర్భం భయం వదిలేయొచ్చు. డేట్ ఎందుకు రాలేదన్న ప్రశ్న మిగులుతుంది.

ఒక నెల తప్పితే అంతగా ఆలోచించక్కర్లేదు. మూడు నెలలు రాకపోయినా, ఎప్పుడూ 35 రోజులు దాటే వస్తున్నా డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. అక్కడ థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పట్టించే హార్మోన్) రక్తపరీక్షలు, పొట్ట స్కానింగ్ రాస్తారు. స్కానింగ్‌కి నీళ్ళు తాగి మూత్రం ఆపుకుని కూర్చోమంటారు, బాటిల్ వెంట తీసుకెళ్ళండి. మనవాళ్ళు నీటి బుడగలు అనే పీసీఓడీ ఇక్కడే బయటపడుతుంది. ఆ బుడగలు గర్భసంచిలో ఉంటాయనుకుంటారు గానీ, అవి అండాశయాల్లో పూర్తిగా ఎదగక ఆగిపోయిన అండాల సంచులు. పీసీఓడీ ఉన్నా అండం అప్పుడప్పుడు విడుదలవుతుంది. "నాకు పీసీఓడీ కదా, కడుపు రాదులే" అనుకుని జాగ్రత్త వదిలేయకూడదు.

వాంతులకని రోజూ వాడే డోమ్‌పెరిడాన్, మానసిక వైద్యంలో ఇచ్చే రిస్పెరిడాన్ లాంటి మందులు ప్రొలాక్టిన్ పెంచి డేట్ ఆపేస్తాయి. మీరు వాడే మందులన్నీ డాక్టర్‌కి చెప్పండి, సొంతంగా మాత్రం మానేయొద్దు.

బాలింతలకి ఒక మాట. బిడ్డకి ఆరు నెలల్లోపు, పగలూ రాత్రీ తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టకుండా, డేట్ ఇంకా మొదలుకాకుండా ఉంటే గర్భం వచ్చే అవకాశం చాలా తక్కువ. ఈ మూడింటిలో ఒకటి తప్పినా ఆ రక్షణ పోయినట్టే. మొదటి డేట్ కన్నా ముందే అండం విడుదలవుతుంది కాబట్టి, డేట్ చూడకుండానే రెండోసారి గర్భం వచ్చినవాళ్ళున్నారు. నలభై దాటినవాళ్ళు కూడా "ఆగిపోయే వయసు వచ్చింది" అని తేల్చేసుకోకుండా ఒక్క కిట్ వాడండి.

రెండు గీతలు వస్తే

కార్డు ఫోటో తీసి, తారీఖు రాసుకోండి. బిడ్డ కావాలనుకున్నా వద్దనుకున్నా ముందు పని ఒకటే, డాక్టర్‌ని కలిసి గర్భం ఎక్కడుందో స్కానింగ్‌లో చూడటం. వారాల లెక్క చివరి డేట్ మొదటి రోజు నుంచి వేస్తారు. ఐదో వారానికి గర్భసంచిలో పిండం ఉండే చిన్న సంచి, ఆరో వారం దాటేసరికి గుండె కొట్టుకోవడం కనబడతాయి. మరీ తొందరగా వెళితే ఏమీ కనబడక "పది రోజులాగి రండి" అంటారు, దానికి బెంగపడొద్దు. కానీ నొప్పో మరకో ఉంటే ఆ రోజే వెళ్ళాలి.

కావాలనుకున్నవాళ్ళు ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు ఆ రోజు నుంచే మొదలుపెట్టొచ్చు. మొదటి మూడు నెలల్లో దాదాపు నలుగురిలో ఒకరికి ఎంతో కొంత బ్లీడింగ్ కనబడుతుంది, వాళ్ళలో చాలామందికి గర్భం నిలబడుతుంది. అయినా ప్రతి మరకా డాక్టర్‌కి చెప్పాల్సిందే. మీ బ్లడ్ గ్రూప్ నెగెటివ్ అయితే అదీ చెప్పాలి, తల్లి ఒళ్ళు బిడ్డ రక్తానికి ఎదురుతిరగకుండా ఇచ్చే యాంటీ-డీ ఇంజెక్షన్ అవసరం కావచ్చు. లేత గీత వచ్చి, నాలుగు రోజులకి మామూలుగా డేట్ వచ్చేస్తే అది మొదట్లోనే నిలవకుండా పోయిన గర్భం. బరువెత్తడం వల్లో, ఆటో కుదుపుల వల్లో అలా అయిందని ఇంట్లో అంటారు. చాలాసార్లు కారణం పిండంలోని క్రోమోజోముల లోపం, మీరు చేసిన పని కాదు.

వద్దనుకున్నవాళ్ళకి చట్టం దారి ఇచ్చింది. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టాన్ని 2021లో మార్చారు. 20 వారాల దాకా ఒక డాక్టర్ అభిప్రాయంతో, కొన్ని పరిస్థితుల్లో 24 వారాల దాకా ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో చేస్తారు. పెళ్ళికాని వాళ్ళకీ ఆ హక్కు సమానమేనని 2022 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. 18 నిండిన స్త్రీకి తన సంతకం చాలు, భర్తదీ తండ్రిదీ అక్కర్లేదు. 18 లోపైతే గార్డియన్ సంతకం కావాలి. వివరాలు బయటపెట్టడం నేరం. మాత్రలతో చేసే పద్ధతి 9 వారాల లోపు, డాక్టర్ పర్యవేక్షణలోనే.

ఇక్కడ నా సొంత అనుభవం. "ప్రిస్క్రిప్షన్ లేదు, డబ్బు ఎక్కువిస్తాను, ఆ అబార్షన్ మాత్రల కిట్ ఇవ్వండి" అని వచ్చేవాళ్ళు నెలకొకరైనా ఉంటారు. ఇవ్వను. చట్టం ఒప్పుకోకపోవడం ఒక కారణం. ఇంకోటి, గర్భం ట్యూబులో ఉంటే ఆ మాత్రలు దాన్ని తీసేయలేవు. బ్లీడింగ్ అయ్యాక అయిపోయిందనుకుని కూర్చుంటారు, ట్యూబులో గర్భం మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

చేయకూడనివి

పచ్చి బొప్పాయి, అనాసపండు, నువ్వుల చిమ్మిలి, వాము కషాయం. డేట్ రావాలని పూటకొకటి తినేవాళ్ళకి ఎక్కువసార్లు కడుపునొప్పో విరేచనాలో తప్ప ఇంకేం రావు. చిమ్మిలి రుచికి తినండి, మందుగా కాదు. "డేట్ వచ్చే మాత్రలు" అని అడిగి కొనుక్కునేవాటితో గర్భం లేనివాళ్ళకే డేట్ వస్తుంది. గర్భం ఉంటే అవి దాన్ని తీయవు. కిట్ వాడకుండా వాటిని మింగడం వల్ల పది రోజులు వృథా, అంతే.

రోజుకో కిట్ వాడటం కూడా మానండి. ఒకమ్మాయి వారంలో ఆరు కొంది. ఆరోదానికి డబ్బు తీసుకోకుండా, నీళ్ళు తాగించి, ఫోన్లో క్యాలెండర్ తీయించాను. లెక్క వేస్తే ఆమె డేట్‌కి ఇంకా నాలుగు రోజులుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు

ఒక చీటీ మీద ఇవి రాసుకెళ్ళండి: చివరి మూడు డేట్లు మొదలైన తారీఖులు, మరక కనబడిన రోజులు, రంగు, ఎన్ని ప్యాడ్లు, కలయిక తారీఖులు, ఐ-పిల్ వేసుకుంటే ఏ రోజు, కిట్ ఏ రోజు చేశారు, ఏం వచ్చింది, వాడుతున్న మందులు, బ్లడ్ గ్రూప్. తోడుగా వచ్చిన అమ్మో అత్తగారో పక్కనుంటే చెప్పలేని విషయాలుంటాయి. "డాక్టర్‌గారూ, రెండు నిమిషాలు మీతో ఒక్కదాన్నే మాట్లాడాలి" అని అడగండి, వాళ్ళని బయట కూర్చోమంటారు. తలుపు మూసుకున్నాక ఆమె అడిగే మొదటి ప్రశ్న మా కౌంటర్ దగ్గరిదే: "లాస్ట్ పీరియడ్ ఎప్పుడొచ్చింది?" చీటీ ఆమె ముందు పెట్టండి.